మూడు చుక్కల వెనక

జూన్ పదకొండు. మధ్యాహ్నం రొట్టె, ఉడికించిన గుడ్డు తిని చెయ్యి కడుక్కుంటుంటే పుస్తకాల షాపాయన ఫోన్ చేశాడు.

"మీ తత్త్వవేత్త వస్తున్నాడండీ. ఈసారి కోతల్లేవు, పూర్తి ఇంగ్లీషు అనువాదం. చలికాలానికల్లా వచ్చేస్తుంది."

ఆయన రాసిన భాష మాకు రాదు. నేనూ మా ఆవిడా ఇన్నేళ్లూ చదివింది సంక్షిప్త అనువాదమే. వదిలేసిన చోటల్లా అనువాదకుడు మూడు చుక్కలు పెట్టాడు. ఒకరం పైకి చదివేవాళ్లం. చుక్కలు రాగానే ఆగి, అక్కడ ఏముండి ఉంటుందో చెరో మాటా అనుకునేవాళ్లం. ఎప్పటికీ తెగని చోటు ఒకటుంది: "ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషి కూడా రాత్రి తలుపు మెల్లగానే వేస్తాడు. ఎందుకంటే…"

"అలవాటు కొద్దీ," అన్నాను నేను.

"కాదు. లోపల ఎవరో నిద్రపోతున్నట్టే ఉంటుంది, అందుకు," అంది తను.

ఓడినవాళ్లు జన్మంతా పొద్దున్నే కాఫీ పెట్టాలని పందెం. తేల్చే పుస్తకం లేదు కనుక వంతులేసుకుని పెట్టుకున్నాం. అప్పట్లో గెలవాలని ఉండేది. తను పోయాక, ఓడిపోతే బాగుండునని ఉంది.

చలికాలం వచ్చింది, పుస్తకం రాలేదు. షాపు గుమ్మంలో నన్ను చూడగానే ఆయన తల అడ్డంగా ఊపేవాడు. నాచేత అడిగించకుండా, కుర్చీ జరిపి కూర్చోమనేవాడు. 

ఎండలు ముదిరాక వచ్చింది, ఇటుకంత లావున. కబురు తెలిసి ఆ సాయంత్రమే మా మరదలు దిగింది. 

"అక్క తరఫు వకీలుని నేను. నేను రాకుండానే తెరిచారా బావా?"

"అట్ట మాత్రం చూశాను."

"నమ్మమంటారా? సరే, చదవండి. అక్క గెలిస్తే ఆ కాఫీ నాకు పెట్టాలి."

చుక్కలున్న చోట రెండు పేజీలున్నాయి. గొంతు సవరించుకుని చదివాను. గట్టిగా వేస్తే ఆయన తలుపు కిర్రుమంటుందట. ఆ తర్వాతదంతా తలుపు బందులకు ఏ నూనె మంచిదన్న విచారణ.

మరదలు పడీ పడీ నవ్వింది. "ఇన్నేళ్లూ మీరిద్దరూ నూనె కోసమా కొట్టుకుంది?"

"అనువాదకుడు పాపం, తెలిసే వదిలేశాడు."

"ఇంతకీ ఎవరు గెలిచినట్టు?"

"ఎవరూ కాదు."

"మరి నా కాఫీ?"

"పెడతాలే."

నేనూ నవ్వాను గానీ, పుస్తకం మూయబుద్ధి కాలేదు. ఇంకో మాటేమైనా ఉందేమోనని ఆ రెండు పేజీలూ మళ్లీ చదివాను. లేదు.

"పడుకుంటాను బావా. మీరూ ఎక్కువసేపు కూర్చోకండి," అని మరదలు అక్క గదిలోకి వెళ్లింది.

మా తలుపులు కిర్రుమనవు. ఇంట్లో మేమిద్దరమే, ఇద్దరం మెలకువగానే ఉన్నాం. అయినా మరదలు గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, తలుపు మెల్లగా వేసుకుంది.