మూడు మళ్ళ గడ్డి

భార్య పోయాక వెల్డరు ఒక్కచోట కుదురుగా కూర్చున్నది లేదు. తెల్లారితే చాలు, కలుపు తీసే బొరిగ పట్టుకుని వాకిట్లోకి దిగుతాడు.

అక్కడ మంచమంతేసి మళ్ళు మూడున్నాయి. ఒకదాంట్లో గరిక, ఒకదాంట్లో వెడల్పాకు గడ్డి, మూడోదాంట్లో మెత్తటి సన్నగడ్డి. వేసవికి ఏది తట్టుకుంటే వాకిలంతా అదే పరుద్దామని ఆవిడ నాటింది. మూడింటికీ సమానంగా నీళ్ళు పోసేది. మూడింటి మీదా చెప్పుల్లేకుండా నడిచేది. ఏది నచ్చిందో చెప్పకుండానే పోయింది.

మళ్ళ మధ్య ఇటుకలు పాతడం ఇద్దరూ మరిచారు. గరిక ఊరుకుంటుందా? సన్నగడ్డిలోకి తీగలు చాపింది. వెల్డరు రోజూ వాటిని పీకి పారేస్తున్నాడు. ఆవిడకి మెత్తటిదే ఇష్టమని అతని నమ్మకం. నమ్మకమే, రుజువు లేదు. అదే అతన్ని నిలవనివ్వడం లేదు. ఈలోగా వానలు పడితే గరిక మిగతా రెంటినీ మింగి కూర్చుంటుంది.

ఆ పొద్దున గేటు తోసుకుని బావమరిది వచ్చాడు. మొక్కల నర్సరీ అతనిది. అక్కకి ఈ పిలకలన్నీ ఇచ్చింది అతనే. అక్క మంచాన పడ్డాక ఆస్పత్రి గుమ్మం మాత్రం తొక్కలేదు.

"ఏం బావా, గడ్డి పీకుతున్నావా?"

"కళ్ళు కనబడ్డం లేదా?"

"వెడల్పాకుది మాడిపోయిందే!"

"నీలాంటిదే. నీడపట్టునైతేనే బతుకుతుంది."

బావమరిది నవ్వబోయి మానుకున్నాడు. వంగి సన్నగడ్డి మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇది పట్టుపరుపే. కానీ నత్తనడక. ఒకచోట తెగిందంటే పూడేసరికి తాతలు దిగొస్తారు. నువ్వేమో షెడ్డులోంచి గేట్లు దీని మీదుగానే ఈడ్చుకుపోతావు."

"ఆవిడకి ఇదే ఇష్టం."

"ఎవరన్నారు?"

వెల్డరు చేతిలో బొరిగ ఆగింది.

"అక్క గరికే వేస్తానంది బావా. నడివేసవిలో ఫోన్ చేసింది. 'మీ బావ ఇనప గేట్లు ఈడ్చినా చావనిది ఇదొక్కటేరా' అంది."

"నాతో అనలేదే."

"గరికంటే చేలో కలుపని ఇంతెత్తున లేస్తావటగా. నీకు తెలీకుండా నాటేస్తానని ఒకటే నవ్వు."

ఆ నవ్వు ఎలా ఉంటుందో వెల్డరుకి తెలుసు. వీడు చెప్పేది అబద్ధం కాదు. నవ్వు వీడికి దక్కింది. మందుల వాసన తనకి దక్కింది.

"ఇంత తెలిసినవాడివి, మీ అక్క మంచంలో ఉన్నప్పుడు ఎక్కడ చచ్చావు?"

"చూళ్ళేకపోయాను బావా."

"నేను చూశాను."

బావమరిది నేల చూపులు చూశాడు. "రేపు బండి మీద గరిక పంపిస్తా."

"పంపితే వీధిలో పారేస్తా."

వెల్డరు లోపలికెళ్ళి పలుగు తెచ్చాడు. సన్నగడ్డిని వేళ్ళతో సహా పెళ్ళగించాడు. తడిచాపలా చుట్టి, గేటు బయట ఆపి ఉన్న బావమరిది బండి మీద పడేశాడు.

"మీ అక్కకి అక్కర్లేదన్నావుగా. పట్టుకుపో."

తర్వాత గరిక మడిలోంచి తీగలు కోసి, కణుపు కణుపుకీ తుంచి, ఖాళీ అయిన నేలలో నాటడం మొదలుపెట్టాడు. బావమరిది చొక్కా చేతులు మడిచి పక్కన గొంతుక్కూర్చోబోయాడు.

"చెయ్యి పెట్టకు."

అతను లేచి వెళ్ళి గేటు బయట నిలబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. అతను కదల్లేదు. లోపలికి రమ్మని వెల్డరు అనలేదు.