పరగడుపు

ఎస్తేర్ మొదటి రక్తపు సీసాకు పేరు చీటీ అంటించేసరికే కిటికీ అవతల రోగుల వరుస వరండా మలుపు దాటింది. సిద్దిపేట దవాఖాన ల్యాబులో ఆమెకిది ఆఖరి పొద్దు. సాయంత్రానికి రిటైరవుతుంది.

వచ్చే జనాన్ని చూసి ఆమె కాలం చెప్పగలదు. నాట్లప్పుడు ల్యాబు బోసిపోతుంది. నాట్లయ్యాక జ్వరాలు మోసుకుని ఊళ్లకు ఊళ్లే కదిలొస్తాయి. పండుగ మర్నాడు షుగరువాళ్లు రారు, తిన్న భక్ష్యాలు రక్తంలో దొరికిపోతాయని. మగవాళ్లు పెళ్లాం లాక్కొస్తేనే వస్తారు. భయం పట్టినవాళ్లయితే పరీక్షకు వస్తారు గానీ ఫలితానికి రారు.

తొగుట ఊరి అమృతమ్మ అలాగే రాలేదు. రక్తమిచ్చి, మెడ మీది గడ్డకు సూది పరీక్ష చేయించుకుని పోయిన మనిషి మళ్లీ కనబడలేదు. ఫోనెత్తదు. రిపోర్టేమో అరలోనే ఉంది. క్యాన్సర్ లేదు. ఆ సంగతి తెలియక రాత్రిళ్లు మెడ తడుముకుంటూ ఉంటుందని తలచుకుంటే ఎస్తేర్‌కు ముద్ద దిగడం లేదు.

మధ్యాహ్నం వరుస పలచబడ్డాక, గోడ పట్టుకుని వచ్చింది అమృతమ్మ. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"అక్కా, బతుకుతనా?"

"గిన్ని దినాలు యాడ దాక్కున్నవే? నడువు, డాక్టరమ్మ చెప్తది." కాగితం తీసుకుని ఎస్తేరే వెంట నడిచింది.

డాక్టరమ్మ చదివి, "థైరాయిడ్ గడ్డ. క్యాన్సర్ కాదమ్మా. అప్పుడప్పుడు చూపించుకో, చాలు" అంది.

అమృతమ్మ నవ్వబోయి బెంచీ మీద కూలబడింది.

"ఏమైందే?"

"పొద్దుగాల్నుంచి సుక్క నీళ్లు ముట్టలే. పరగడుపున రమ్మన్నరు గద!"

"అది రక్తమిచ్చేనాడే పిచ్చిదానా! కాగితానికి గూడ ఉపాసమా?"

"ఏమో అక్కా! తింటే రిపోర్టు మారుతదేమోనని..."

డాక్టరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఎస్తేర్ అమృతమ్మను ల్యాబుకు తీసుకొచ్చి తన టిఫిన్ డబ్బా చేతిలో పెట్టింది. అన్నం, పచ్చిపులుసు, కోడిగుడ్డు కూర.

"మరి నీకు?"

"మా ఆయన బిర్యాని తినిపిస్తనన్నడు. నువ్వు కానియ్యి."

అమృతమ్మ మెతుకు మిగల్చలేదు. వేళ్లు నాక్కుంటూ, "కూరల ఉప్పు తక్కువైందక్కా" అంది.

"బతికినవ్! ఇగ వంకలు గూడ పెడుతున్నవ్!"

సాయంత్రం గేటు దగ్గర ఎస్తేర్ మొగుడు ఇశ్రాయేలు బండి హారన్ మోగించాడు. ఆమె తెల్లకోటు కొక్కేనికి తగిలించి, పెళ్లినాటి పిల్లలా గబగబా మెట్లు దిగింది. బండెక్కి, దవాఖానంతా చూస్తుండగానే అతని నడుం పట్టుకుంది.

ల్యాబు కిటికీలో, అమృతమ్మ కడిగి బోర్లించిన టిఫిన్ డబ్బా ఉండిపోయింది. దాని అంచున ఒక్క నీటిచుక్క ఇంకా ఆరలేదు.