కుడివైపు విసరని బంతి

ఎనిమిది ఆటలు ఆడి ఎనిమిదీ గెలిచిన జట్టు మీద ఎవరికైనా అనుమానం వస్తుందా? నాకు వచ్చింది. నలభై ఏళ్ళు ధాన్యం గోదాములో తేమ పరీక్షించే ఉద్యోగం చేసినవాణ్ణి. లారీ పైన మొక్కజొన్న ఎంత బంగారంలా మెరిసినా, అడుగునుంచి పిడికెడు తీయించి చూడందే సంతకం పెట్టి ఎరగను.

ఆ శనివారం మా వార్నర్స్‌ఫోర్డ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పదమూడు-పదితో గెలిచింది. ఆట అయ్యాక స్టేడియం వెనక పచ్చికలో, ఆర్లో పికప్ బండి వెనక తలుపు దించి, దాని మీద వాండా మాంసం, బీన్స్ కలిపి ఉడికించిన చిల్లీ కుండ పెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా స్నేహితులం మా ముగ్గురిదీ అదే చోటు. చుట్టుపక్కల జనం ఎగురుతున్నారు, పాడుతున్నారు. నేను సినమన్ రోల్, అదే దాల్చినచెక్క తీపిరొట్టె, చిల్లీలో ముంచుకుని తింటూ మొహం మాడ్చుకుని కూర్చున్నాను.

"గెలిచాం కదరా మెర్ల్, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు ఆర్లో.

"ఇదొక గెలుపా? ఆఖరి పావుగంటలో ఒక్క బంతి విసిరాడా మావాడు?"

మావాడంటే నా అల్లుడు కర్ట్. బంతి మా జట్టు చేతిలో ఉన్నప్పుడు ఏ ఎత్తు వేయాలో నిర్ణయించే కోచ్ అతనే. మా ఆటలో బంతి ముందుకు పోవడానికి ఉన్నవి రెండు దారులు: చంకలో పెట్టుకుని గుంపులోకి దూరి పరిగెత్తడం, లేదా ముందుకు ఉరికిన మనవాడికి దూరంగా విసరడం. నెల రోజులుగా కర్ట్‌కి మొదటి దారి ఒక్కటే గుర్తుంది. దూరడం, పడటం, లేవడం, మళ్ళీ దూరడం. చూసేవాడికి ఆవలింతలు.

"విసిరితే అవతలివాడు పట్టుకుపోవచ్చు. చేతిలో ఉన్నది వదులుకోవడం ఎందుకంట?" అన్నాడు ఆర్లో.

"నేనూ ముప్ఫై ఏళ్ళుగా ఈ చిల్లీ ఒక్కలాగే వండుతున్నా," అంది వాండా. "గరిట కూడా వదలకుండా నాకేవాళ్ళే గానీ, కొత్తగా వండవే అని అడిగినవాడు లేడు."

"నువ్వు భయపడి వండవు కదా. వాడు భయపడుతున్నాడు. ఏదో దాస్తున్నాడు."

"దాచడం కాదు వాండా," ఆర్లో కన్నుగీటాడు. "పెళ్ళయిన కొత్తలో అల్లుడు వీడి చేపల పడవకి గీత పెట్టాడు. పదకొండేళ్ళయినా ఆ కక్ష తీరలా వీడికి."

నేను జేబులోంచి నోట్‌బుక్ తీశాను. ప్రతి ఆటా, ప్రతి ఎత్తూ అందులో రాస్తాను. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉండే పెన్సిల్ నాది. పరుగుకి ఎర్ర గీత, విసిరితే నీలం గీత, ఏ వైపు విసిరారో ఆ వైపున. మొదటి నాలుగు ఆటల పేజీలు రెండు వైపులా నీలంగా ఉన్నాయి. ఐదో ఆట నుంచి అంతా ఎరుపే. ఎడమవైపు అక్కడక్కడ నాలుగు పొట్టి నీలం గీతలు. కుడివైపు ఒక్కటీ లేదు.

"ఇప్పుడు చెప్పండి, ఇది జాగ్రత్తా?"

ఆర్లో పేజీలు తిప్పి, మూతి తుడుచుకుని, "నీకు పనీపాటా లేదురా," అన్నాడు. కానీ కుడివైపు ఖాళీని కాసేపు చూస్తూ ఉండిపోయాడు. నాకది చాలు.

నా అనుమానం వాళ్ళకి పూర్తిగా చెప్పలేదు. పెద్ద యూనివర్సిటీ ఏదో కర్ట్‌ని రమ్మంటోందని, అందుకే ఓటమి మచ్చ పడకుండా పిరికి ఆట ఆడిస్తున్నాడని నా లెక్క. మా ఊరు మచ్చలేని సీజన్ చూసి యాభై ఏళ్ళు దాటింది. అలాంటి సీజన్‌ని తన ఉద్యోగం దరఖాస్తులా వాడుకుంటున్నాడంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు భోజనాల దగ్గర అడిగేశాను. "కుడివైపు ఎందుకు విసరట్లేదయ్యా?"

"గెలుస్తున్నాం కదా మావయ్యా," అన్నాడు. అంతలో ఫోన్ మోగింది. పేరు చూసి వరండాలోకి పోయాడు. తలుపు కూడా వేసుకున్నాడు.

"ఎవరమ్మా?" అన్నాను మా అమ్మాయి జోలీన్‌తో.

"ఆఫీసు పని నాన్నా. బీన్స్ వేసుకో." ఆదివారం మధ్యాహ్నం ఏ ఆఫీసు? నా కూతురికి చిన్నప్పటినుంచీ అబద్ధం చెప్పడం రాదు. చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు కెంపుల్లా ఉన్నాయి.

సోమవారం ప్రాక్టీసు మైదానం చుట్టూ లోపల ఏమీ కనబడకుండా ఆకుపచ్చ పట్టాలు కట్టారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కట్టలేదు. మంగళవారం తెల్లవారి నేను రక్తపరీక్షకి పక్క ఊరు వెళ్తుంటే, పాన్‌కేక్ హోటల్ ముందు కర్ట్ బండి కనబడింది. ఆరున్నర కూడా కాలేదు. పొద్దున్నే పదిహేను మైళ్ళు వచ్చి పాన్‌కేకులు తినేవాడు కాదు అతను, అసలు తీపే ముట్టడు. ఆ పెద్ద యూనివర్సిటీవాళ్ళతో బేరం మాట్లాడటానికే వచ్చాడనుకున్నాను. ఆ హోటల్‌కీ, పక్కనున్న ఫిజియోథెరపీ కేంద్రానికీ బండ్లు పెట్టుకునే చోటు ఒకటేనని నాకు తెలుసు. తెలిసీ అటువైపు కన్నెత్తి చూడలేదు. అనుమానం ముందు కూర్చుని బండి తోలుతుంటే పక్కచూపులు ఎక్కడివి?

గురువారం సాయంత్రం మా ఊరి హోటల్లో హెడ్ కోచ్ హాల్వర్సన్ రేడియో కార్యక్రమం. జనం పళ్ళెం దాటి వేలాడే వేయించిన పందిమాంసం శాండ్‌విచ్‌లు తింటూ వింటారు. ప్రశ్నలు చీటీల మీద రాసి గాజు జాడీలో వేస్తే, రేడియో అమ్మాయి తీసి చదువుతుంది. పేరు రాయనక్కర్లేదు. నేను మూలబల్ల దగ్గర కూర్చుని రాశాను. పరుగులెన్నో, విసిరినవెన్నో స్పష్టంగా ఉండాలని ఆ పెన్సిల్‌తోనే అంకెలు ఎర్రవీ నీలివీ విడివిడిగా వేశాను.

ఆ అమ్మాయి చదివింది. "ఐదో ఆట నుంచి కుడివైపు ఒక్క బంతీ దూరం విసరలేదు. ఎడమవైపు విసిరినా రెండంగలు వెనక్కి వేయకముందే వదిలేస్తున్నారు. కుడివైపు ఏం దాస్తున్నారు?"

హాలంతా ఘొల్లున నవ్వింది. హాల్వర్సన్ కూడా నవ్వి, "ఎనిమిది గెలుపులు దాస్తున్నాం," అన్నాడు. పక్కన కూర్చున్న కర్ట్ నవ్వలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉందనుకున్నాను. అతను ఆ చీటీ అడిగి తీసుకుని, ఎర్ర అంకెలూ నీలం అంకెలూ చూసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

శనివారం సెయింట్ ఆస్బర్ట్ జట్టు వచ్చింది. మొదటి ఎత్తుకే వాళ్ళ ఇద్దరు మెరుపు కుర్రాళ్ళు మా కుడికొస ముందు నిలబడ్డారు. ఆ కొసన కాపు కాసేవాడు టోబీ క్లాసెన్. బంతి విసిరేవాడి మీదికి ఎవరూ రాకుండా అడ్డంపడటం వాడి పని. ఆరున్నర అడుగుల మనిషి, చదువు ఆఖరి ఏడాది.

"ఇంతమంది అక్కడికే ఎందుకు పోతున్నార్రా?" అన్నాడు ఆర్లో.

నేను అప్పుడు మొదటిసారి బంతిని వదిలేసి టోబీని చూశాను. ముందుకి తోసేటప్పుడు ఎద్దులా తోస్తున్నాడు. వెనక్కి అడుగు వేయాల్సివస్తే కుడి మోకాలు మెలికపడుతోంది. బంతి విసరాలంటే కాపువాడు వెనక్కి జరుగుతూ కాయాలి. పరుగుకైతే ముందుకి తోస్తే చాలు. నెల రోజుల ఎర్ర గీతలకి అర్థం అదీ. పాన్‌కేక్ హోటల్ పక్కనున్న కేంద్రం అద్దాల మీద ఈతకొలను బొమ్మ ఉంటుంది. అది కూడా అప్పుడే గుర్తొచ్చింది. నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

ఆట నాలుగు భాగాల్లో మూడోదానికి పదిహేడు పాయింట్లు వెనకబడ్డాం. ఇక విసరక తప్పలేదు. మా వాళ్ళు విసిరిన ప్రతిసారీ ఆ ఇద్దరూ టోబీ మీద పడ్డారు. ఐదోసారి వాడు లేవలేదు. స్ట్రెచర్ తెచ్చారు. ముప్ఫై ఒకటి-ఆరుతో ఓడిపోయాం.

వాండా చిల్లీ కుండ మూత తీయలేదు. "ఆ చీటీ రాసినవాడి నోట్లో మన్నుపడ," అంది. ఆర్లో నా నోట్‌బుక్ ఉన్న జేబు వైపు చూసి, పికప్ తలుపు వేశాడు. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఈ లంకకి నిప్పు పెట్టింది ఇంటి మావగారు.

ఆదివారం కర్ట్, జోలీన్ రారనుకున్నాను. వచ్చారు. వెనకే ఊతకర్రల మీద టోబీ. వాళ్ళమ్మా నాన్నలు డకోటాలో కోతల పని వదిలి బయల్దేరారట, ఇంకా దారిలోనే ఉన్నారట. జోలీన్ ఎప్పటిలా నా చెంప మీద ముద్దుపెట్టలేదు. వాణ్ణి నా ఎదురుగా కూర్చోబెట్టి, కాలి కింద దిండు పెట్టింది.

"మోకాలు నాలుగో ఆట చివర్లో బెణికిందండీ," అన్నాడు టోబీ, నేను అడక్కుండానే. "ముందుకు ఆడొచ్చు, వెనక్కి మాత్రం వద్దన్నాడు డాక్టరు. నా బదులు ఆడాల్సినవాడు ఆగస్టులోనే చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఈ ఒక్క ఏడాదీ ఆడనివ్వండి కోచ్ అని ఏడ్చాను. కోచ్ నాకోసం ఆటంతా మార్చేశారు. రోజూ పొద్దున్నే కొలనుకి తీసుకెళ్ళిందీ, ఆదివారాలు కూడా డాక్టరుతో ఫోన్లో మాట్లాడిందీ ఆయనే. ఊరంతా పిరికివాడని తిడుతున్నా ఒక్కమాట అనలేదు."

"ఇప్పుడు డాక్టరు ఏమన్నాడు?" అన్నాను.

"ఇంక ఆట లేదండీ." మాంసం ముక్క చిన్నగా కోసుకున్నాడు. "అయినా ఆ రేడియో చీటీ రాసినాయన ఎవరో గానీ, గట్టి మనిషండీ. నాలుగు కాలేజీల కోచ్‌లకి అంతుచిక్కనిది ఆయనకి చిక్కింది. ఆస్బర్ట్ వాళ్ళు రేడియోలో విన్నారట. ఎవరు కోచ్ ఆయన?"

"పేరు రాయలేదు," అన్నాడు కర్ట్. బంగాళదుంపల గిన్నె నాకు అందించాడు. మోసగాడని నేను నెలరోజులు నిఘా వేసినవాడు, నా బల్ల దగ్గరే నా పరువు కాపాడుతున్నాడు. జోలీన్ చెవులు ఎర్రబడ్డాయి. నా జన్మలో అంత సిగ్గుపడలేదు.

గిన్నె కిందపెట్టి లేచాను. ఫ్రిజ్ మీదున్న నోట్‌బుక్ తెచ్చి టోబీ పళ్ళెం పక్కన పెట్టాను, పెన్సిల్‌తో సహా.

"నేనే బాబూ," అన్నాను. "నేను రాశాను."

టోబీ పుస్తకం తెరిచి నిదానంగా పేజీలు తిప్పాడు. ఐదో ఆట దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. మొదటి పేజీల్లో కుడివైపున్న నీలం గీతల మీద అంత లావు వేలు ఒక్కొక్కటిగా జరిపాడు.

"ఇవన్నీ నేను కాసినవండీ," అన్నాడు. "ఒక్కటీ వదలకుండా రాశారే. కాపువాణ్ణి ఎవరూ చూడరండీ, అందరూ బంతినే చూస్తారు. ఈ పుస్తకం నేను ఉంచుకోవచ్చా? మా అమ్మకి చూపిస్తాను."

ఆ నాలుగు ఆటల్లోనూ నేను చూసింది బంతినే. ఆ మాట చెప్పే ధైర్యం లేక, తీసుకో బాబూ అన్నాను. పెన్సిల్ తిరిగి జేబులో పెట్టుకోవడానికి చెయ్యి రాలేదు.