ముందు వరుస కుండీలు

పరిశోధనలో చేరి నాలుగేళ్లు దాటింది. పట్టా ఇంకా చేతికి రాలేదు గానీ, ఇంట్లో అందరూ అప్పుడే ఆమెను డాక్టరమ్మ అని పిలుస్తున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! "ఇంకెప్పుడే?" అని అమ్మ ఫోన్లో అడిగినప్పుడల్లా డాక్టరమ్మకు గొంతులో వెలక్కాయ పడ్డట్టుంటుంది.

ఈసారి మాత్రం "వచ్చే నెలకల్లా థీసిస్ ఇచ్చేస్తానమ్మా" అని ధైర్యంగా అనేసింది. ఆ ధైర్యం ఓ బీన్స్ మొక్క ఇచ్చింది. గాజు గదిలో అయిదు రకాల బీన్స్ మొక్కలు పెంచి, మూడు వారాలు నీళ్లు ఆపి, ఏది బతుకుతుందో చూడటం ఆమె పని. నాలుగు రకాలు తలలు వాల్చేశాయి. తలుపు దగ్గర ముందు వరుసలో ఉన్న రకం ఒక్కటే పచ్చగా నిలబడింది. రెండోసారి అవే వరుసల్లో పెట్టి చేసినా అదే తంతు. దానికి మొండి అని ముద్దుపేరు పెట్టి, నాలుగేళ్ల కష్టాన్నీ దాని నెత్తిన పెట్టింది. రేపు పదింటికి సెమినార్.

సాయంత్రం ఆఖరి ఫోటోలు తీసుకుంటుంటే, గది తుడిచే పెద్దమ్మ గుడ్డ పిండుతూ చావు కబురు చల్లగా చెప్పింది.

"అంత పచ్చగా ఉన్నాయంటే నా చలవేనమ్మా."

"నీ చలవేంటి పెద్దమ్మా?"

"నువ్వేమో నీళ్లు పొయ్యడం మర్చిపోతావు. ప్రతి శుక్రవారం నువ్వెళ్లాక ఈ ముందు వాటికి తలా ఓ గ్లాసు పోసేదాన్ని. వెనక వాటికి నా చెయ్యి అందదు. పాపం, అవి పోయాయి."

"పోయినసారి కూడా పోశావా?"

"పొయ్యకుండా ఎలా ఉంటాను?"

డాక్టరమ్మ అరుద్దామని నోరు తెరిచింది. ఏమని అరుస్తుంది? ప్రతి వరుసలో అన్ని రకాలూ కలిపి పెట్టమని గైడ్ మేడమ్ మొదటిరోజే చెప్పారు. కొలతలు తీసుకోవడం తేలికని రకానికో వరుస పెట్టింది తనే. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

"తప్పు చేశానా తల్లీ? వాడిపోతుంటే చూడలేకపోయాను. నువ్వూ అలాగే వాడిపోతున్నావు. నీకేం పొయ్యాలో నాకు తెలీలేదు."

డాక్టరమ్మకు ఏడుపు ఆగలేదు. పెద్దమ్మ కంగారుపడి, భుజం నిమిరి, బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

ఇక గదిలో తనూ, భయమూ. ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే రేపు చప్పట్లు, వచ్చే నెల థీసిస్. నోరు విప్పితే మళ్లీ ఏడాదిన్నర, మళ్లీ అమ్మ ఫోన్లు. మూసుకుందామనే అనుకుంది కూడా. కానీ మొండిని నమ్మి ఎవరో ఒకరు నీళ్లు లేని పొలంలో ఈ విత్తనం వేస్తారు. గ్లాసు పట్టుకుని పెద్దమ్మ ఆ పొలానికి వెళ్లదు.

గంట తర్వాత మేడమ్ గది తలుపు కొట్టింది. ఆవిడ బ్యాగు సర్దుకుంటున్నారు.

"మేడమ్, మొండికి నీళ్లు అందాయండి. రెండుసార్లూ." జరిగింది చెప్పింది.

మేడమ్ కుర్చీలో కూలబడ్డారు. "ఎవరు పోశారు?"

"ఎవరు పోసినా, కలిపి పెట్టి ఉంటే ముందు వరుసలో అన్ని రకాలూ పచ్చగా ఉండేవి, అప్పుడే తెలిసేదండి. వరుసలు పెట్టింది నేనే."

"మరి రేపు?"

"ఇదే చెబుతానండి."

మేడమ్ చూపు డాక్టరమ్మ చేతుల మీదికి వెళ్లింది.

"ఆ మట్టేంటి?"

"కొత్త కుండీలు నింపుతున్నానండి. ఈసారి కలిపే పెడతాను."