కాకి ముట్టని ముద్ద

ఆదివారం తెల్లవారుతూనే మైథిలి తమ్ముడు సాకేత్ బైనాక్యులర్ మెడలో వేసుకుని గార్డెన్ రీచ్ రేవు క్వార్టర్ల గేటు దగ్గర నిలబడింది. రమ్మన్న పిల్లలు ఒక్కరూ రాలేదు.

ప్రతి వేసవిలోనూ సాకేత్ ఇక్కడినుంచే రేవు కార్మికుల పిల్లల్ని వెంటేసుకుని బజ్‌బజ్ అవతలి పొలాల్లోకి, చెరువుగట్ల మీదికి తీసుకుపోయేవాడు. పిట్టల్నీ సీతాకోకచిలుకల్నీ తూనీగల్నీ చూపించి, మధ్యాహ్నానికి ఇంటికి చేర్చేవాడు. నిరుడు ఎండల్లో జ్వరం వచ్చి, కొద్దిరోజుల్లోనే పోయాడు. పెద్దకర్మ నాడు నది గట్టు మీద పిండం పెడితే కాకి ముట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చూసి, పంతులు దర్భలతో కాకిని చేసి ముట్టించి, అయిందనిపించాడు. క్వార్టర్లలో మాత్రం అవలేదు. సాకేత్‌కి శాంతి లేదనీ, ఆ చెరువుగట్ల మీదే తిరుగుతున్నాడనీ ఇంటింటా అనుకున్నారు.

గేటు పక్క టీకొట్టు బల్ల మీద తెలుగు సంఘం పెద్ద, గురువులు అనే ఆయన కూర్చుని ఉన్నాడు. రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి.

"ఏటి టీచరమ్మా, పిల్లల కోసమేనా? రారు. నానే వద్దని సెప్పీసినాను. కాకి కూడా ఒగ్గీసిన మనిషి తిరిగే సోటికి పసిపిల్లల్ని ఎవులు పంపుతారు?"

"మీరు చెప్పింది విన్నాను మావయ్యా. నేను వెళ్తున్నాను."

"ఒక్కర్తివా?"

"ఒక్కదాన్నే."

"ఒక్కర్తేటి, నాను సచ్చిపోనానా?" అంటూ వెనకనుంచి మేనత్త నారాయణమ్మ వచ్చింది. చంకలో గుడ్డసంచి, నెత్తి మీద తడిపిన తువ్వాలు. "పద పిల్లా. ఈ మొగోళ్ళతో మాటలేటి, రైలెల్లిపోద్ది."

బజ్‌బజ్ లోకల్ దిగి, టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి, ఇటుక బట్టీలు దాటాక ఇద్దరూ నడక మొదలుపెట్టారు. మోకాలెత్తు జనుము చేల మధ్య గట్టు. మైథిలికి పిట్టల పేర్లు సరిగా రావు. తమ్ముడు చెప్తున్నప్పుడు ఆమె పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ "ఊఁ" కొట్టేది. ఇప్పుడు గట్టు మలుపులో నీలంగా ఒకటి మెరిస్తే లకుముకిపిట్ట అని గుర్తుపట్టింది. ఆ తర్వాతది ఏమిటో తెలియలేదు. తెలియకపోయినా నిలబడి, అది ఎగిరిపోయేదాకా చూసింది.

"ఇలా తే, నానూ సూస్తాను," అని నారాయణమ్మ బైనాక్యులర్ లాక్కుంది. "ఓలమ్మా! ఇదేటే, కొంగ ఆవగింజంత అయిపోనాది!"

"తిరగేసి పట్టుకున్నావత్తా."

"మరి ముందే సెప్పొద్దా? సదువుకున్నదానివి!"

తడి మట్టి మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుంపుగా వాలి చెమ్మ పీలుస్తున్నాయి. చెరువు చేరేసరికి ఎండ కాల్చేస్తోంది. తుంగకొసల మీద ఎర్ర తూనీగలు తోకల్ని నిటారుగా సూర్యుడివైపు ఎత్తి కూర్చున్నాయి. గాలికి తుంగ వంగుతోంది, అవి మాత్రం పట్టు వదలడం లేదు. మైథిలి వాటిని చూస్తూ చాలాసేపు కదల్లేదు.

వెనక్కి తిరిగేసరికి నారాయణమ్మ గట్టు మీద అరిటాకు పరిచి, సంచిలోంచి నువ్వులు కలిపిన అన్నం ముద్దలు తీస్తోంది.

"ఏమిటత్తా ఇది?"

"నువ్వు తిడతావని తెల్సు, తిట్టుకో. ఆడు తిరిగే సోటే పెడితే కాకి రాకేటి సేస్తాది? నా మేనల్లుడే ఆడు. ఎన్నాళ్ళని అందరి నోళ్ళల్లోనూ పడతాడు?"

మైథిలి తిట్టలేదు. సాయమూ చెయ్యలేదు.

తాటిచెట్టు మీది కాకి ముద్దల్ని చూసింది. దిగి, గట్టు మీద రెండు గెంతులు గెంతింది. అంతలో పక్క తుమ్మచెట్టులోంచి తోక రెండుగా చీలిన నల్లపిట్ట ఒకటి బాణంలా వచ్చి కాకి నెత్తిన పొడిచింది. కాకి అరుచుకుంటూ లేచింది. పిట్ట వదల్లేదు, బట్టీ గొట్టందాకా తరిమి మరీ వచ్చింది. మైథిలి తలెత్తి చూస్తే తుమ్మకొమ్మ చీలికలో చిన్న గూడు. పిల్లలు ఈ పిట్టని బెంగాలీలో ఫింగే అంటారు. గూడు కట్టిందంటే దరిదాపులకు కాకిని రానివ్వదని సాకేత్ వాళ్లకు చెప్పడం ఆమె ఎప్పుడో విన్నది. రెండో కాకి వచ్చింది. దానికీ అదే మర్యాద జరిగింది.

నారాయణమ్మ నోరు తెరిచి చూసి, ఒక్కసారిగా మైథిలి చెయ్యి పట్టుకుంది. "ఇదే! పెద్దకర్మ దినం నది గట్టు మీద వేపసెట్టులో ఇలాటిదే ఉండీది! ఏడుస్తా ఏడుస్తా సూసినాను. కాకులు వచ్చినాయే మైతిలీ, వచ్చినాయి! ఇది తరిమీసింది! పద, ఆ గురువులు మొకం మీద సెప్పీసి వద్దాం."

ఏడాదిగా గుండె మీదున్న బరువు కదిలినట్టయింది మైథిలికి. వెళ్లి చెప్తే చాలు, అందరూ నమ్ముతారు. పిల్లలు వస్తారు. ఆమె ఆకు ముందు కూర్చుంది.

"చెప్పొద్దత్తా."

"ఏటి?"

"ఫింగే లేకుండా ఉంటే? కాకి వచ్చి, చూసి, ఊరికే పోయి ఉంటే? అప్పుడు మనవాడు చెడ్డవాడయ్యేవాడా? వాడు ఎలాంటివాడో కాకిని అడిగి తెలుసుకోవలసిన ఖర్మ నాకు లేదు."

ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"ఓసి నీ! పిండమే అది! తినకూడదే!"

"మంత్రం ఎవరు చదివారు? నువ్వు వండిన అన్నమే ఇది. వాడి అక్కని, నేను తింటాను."

నమలడానికి చాలాసేపు పట్టింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నమలడం ఆపలేదు. నారాయణమ్మ పక్కన కూలబడి, కొంగుతో ముక్కు తుడుచుకుని మెల్లగా అడిగింది. "సప్పగా ఉందా?"

"ఉప్పే లేదు."

"దానికి ఉప్పెయ్యరే," అని ఆమే రెండో ముద్ద అందుకుంది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి గేటు పక్క కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. టీకొట్టు బల్ల మీంచి గురువులు నవ్వాడు. "ఏటి, అగుపించినాడా మీవోడు?"

నారాయణమ్మ నోరు తెరిచింది, మేనకోడలి వైపు చూసి మూసేసుకుంది.

"లేదు మావయ్యా. తూనీగలు కనిపించాయి. గూడు కట్టుకున్న ఫింగే కనిపించింది," అంది మైథిలి. తర్వాత కుళాయి వైపు తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది. "వచ్చే ఆదివారం తెల్లారేసరికి ఇక్కడే ఉంటాను. ఆ పై ఆదివారమూ ఉంటాను. ఎవరూ రాకపోయినా వెళ్తాను."

"సంఘం మాట ఇననంటావా?"

"ఈ మాట వినను."

గురువులు మట్టికప్పు కిందపెట్టి ఆడవాళ్లకేసి చూశాడు. బిందె నిండి పొర్లుతున్నా పుష్పరాణి కుళాయి కట్టలేదు. ఆమె కొడుకు బన్నీ ప్రతి వేసవిలోనూ సాకేత్ వెంటే తిరిగేవాడు.

"టీచరమ్మా," అంది పుష్పరాణి, గురువులు వైపు చూడకుండా. "బన్నీగాడికి గొడుగు ఇవ్వాలా, టోపీ సాలా?"

"టోపీ చాలు," అంది మైథిలి. "నీళ్ల సీసా పెద్దది పెట్టు."