దాహ్లాన్ తాత కోయని కోడి

"దాహ్లాన్ తాతకి కబురు పెట్టలేదా?" మొగుడి వంక చూడకుండానే అడిగింది కొర్నేలియా. ఆమె ముందు, వేడినీళ్ల గిన్నెలో, తెల్లకోడి అప్పటికే తల లేకుండా ఉంది.

"ఎందుకు? నా చేతికేమన్నా కుష్టు పట్టిందా?" రోఫినుస్ కత్తిని అరటాకుకి తుడిచాడు. "నా చెల్లెలికి నేనిచ్చే దీవెన. మధ్యలో వాడెవడు?"

"మైమునా తినదు."

"ఎమిలియా. దాని పేరు ఎమిలియా. అడిగితే తాత వచ్చి కోసి వెళ్లాడని చెప్పు."

అత్తగారు బతికుండగా ఈ ఇంట్లో పద్ధతి వేరు. ఎమిలియా కొండ కింద రెయో రేవులో చేపలమ్మే ముస్లిం కుర్రాణ్ణి చేసుకుని మైమునా అయింది. పుట్టింటి దీవెన లేకుండా వెళ్లిన పిల్లకి వరసగా కడుపులు పోయాయి. చివరికి ముసలావిడే దారి కనిపెట్టింది. పొద్దు పొడిచేవేళ రోఫినుస్ కోడిని పట్టుకుని చనిపోయిన పెద్దలందర్నీ పేరుపేరునా పిలవాలి. పిలిచాక ఆ కోడిని ప్రాణంతోనే దాహ్లాన్ తాతకి అందించాలి. ఆయన రోడ్డు మలుపు దగ్గరుండే ముస్లిం పెద్దాయన. బిస్మిల్లా అని కోసి ఇచ్చేవాడు. కార్జం ఆడపడుచు తినేది. పెద్దలకీ కోపం లేదు, అల్లాకీ కోపం లేదు. ఆ మరుసటేడే నూరైనీ పుట్టి బతికింది.

ఇప్పుడు ఆ నూరైనీ పెళ్లి. మేనమామ దీవెన కోసమే మైమునా వస్తోంది.

ఆమె కోసం అటక మీద వేరే గిన్నె, వేరే గరిటె ఉండేవి. ఇన్నేళ్లూ వాటికి పందికొవ్వు తగలకుండా తోమింది కొర్నేలియానే. తోమిన ప్రతిసారీ అత్తగారు వాసన చూసేది. కొర్నేలియా ఆ సంగతి మర్చిపోలేదు. ఇవాళ కూడా ఆ గిన్నెనే దించింది. శుభ్రంగా తోమి, అందులోనే ఆ కోడిని వండింది.

మధ్యాహ్నం బస్సుకి మైమునా వచ్చింది. ఎండుచేపల మూట గుమ్మంలో దించి, కొంగులాంటి తలగుడ్డ సర్దుకుంటూ వంటింట్లోకే వచ్చింది.

"ఏంటి వదినా, ఇలా చిక్కిపోయావు? మా అన్న తిండి పెట్టట్లేదా, తిట్లే పెడుతున్నాడా?"

"రెండూ పెడతాడు. కాఫీ తాగుతావా?"

"ముందు దీవెన. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లైనా తాగలేదు." గిన్నె మూత తీసి చూసి మురిసిపోయింది. "అమ్మ గిన్నె! దాచావా ఇంకా?" తర్వాత గొంతు తగ్గించింది. "దాహ్లాన్ తాత వచ్చాడా?"

నడవలో చుట్టాల మధ్య కూర్చున్న రోఫినుస్ వీపు తలుపులోంచి కనిపిస్తోంది. ఆ వీపు కదల్లేదు.

"వచ్చి కోసి వెళ్లాడు," అంది కొర్నేలియా.

"నువ్వుండగా నాకేం భయం," అంది మైమునా.

చాప మీద అన్న ఎదురుగా కూర్చుంది. కొర్నేలియా కార్జం ముక్క ఆకులో పెట్టి అందించింది. మైమునా కళ్లు మూసుకుని, పెదాలు కదిపి, తింది. రోఫినుస్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, నూరైనీ కడుపు పండాలన్నాడు. మైమునా కళ్లనిండా నీళ్లు.

అప్పుడే గుమ్మంలో దగ్గు వినిపించింది. దాహ్లాన్ తాత. చంకలో గుడ్డలో చుట్టిన కత్తి.

"అమ్మాయి బస్సు దిగిందని మావాడు చెప్పాడు. కబురు మర్చిపోయారేమో అనుకుని నేనే వచ్చేశాను. కోడేదీ?" అంటూ కత్తికి చుట్టిన గుడ్డ విప్పాడు.

చుట్టాలు రోఫినుస్ వంక చూశారు. తర్వాత రోఫినుస్ నవ్వాడు. అతను నవ్వాడని చుట్టాలూ నవ్వారు.

"కోడి మా చెల్లెలి పొట్టలో ఉంది తాతా. లేటుగా వచ్చావు."

మైమునా అన్నని చూడలేదు. కొర్నేలియానే చూసింది. లేచి పెరట్లోకి పరుగెత్తింది. గొంతులో వేళ్లు పెట్టుకుని కక్కుతున్న చప్పుడు నడవలోకి వినిపించింది. పందులు గుర్రుమన్నాయి.

ఆమె మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి రోఫినుస్ మొహంలో నవ్వు లేదు.

"పెద్దలు పెట్టింది పెరట్లో కక్కొచ్చావు. దీవెన కూడా అక్కడే పడింది. ఇక వెళ్లు."

"అన్నా, అలా అనకు. కావాలంటే ఇంకో కోడి నేనే తెస్తాను. తాత ఉన్నాడుగా, ఇప్పుడే..."

"ఈద్ రోజు మీరు నమాజు చేసుకుంటుంటే, క్రైస్తవుణ్ణై ఉండీ మీ మసీదు ముందు కాపలా కాసింది ఎవరే? నేను! రోజంతా ఎండలో నిలబడ్డాను. నేను మీ దేవుడి గుమ్మం కాయొచ్చు, నా చేతి కోడి మాత్రం నీకు అసహ్యమా?"

"అసహ్యం కాదన్నా. మా నియమం. నీ నియమాన్ని నేనెప్పుడన్నా కాదన్నానా? కొండెక్కి నీ కాళ్ల దగ్గరికే వచ్చానుగా."

అతను వినలేదు. గిన్నెలో మిగిలిన కార్జం ముక్కని ఆకు మీదికి తీశాడు.

"తెలిసి తిను. తిని లోపల ఉంచుకో. అప్పుడు నీ కూతురికి పిల్లలు. లేదంటే నీకు పోయినట్టే దానికీ పోతారు."

"రోఫినుస్, నోరు కడుక్కో," అన్నాడు దాహ్లాన్ తాత. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

మైమునా చాలాసేపు ఆకు వంక చూసింది. తర్వాత మెల్లగా చాప మీద కూర్చుని తలగుడ్డ విప్పేసి, మడిచి, పక్కన పెట్టింది. ఆడపడుచు పెళ్లయ్యాక ఆమె జుట్టు కొర్నేలియా చూడడం ఇదే మొదలు. అంతా నెరిసిపోయింది.

"నువ్వు పెట్టు వదినా," అంది. "ఇందాకా నువ్వేగా పెట్టింది."

కొర్నేలియా మొగుడి వంక చూసింది. అతను గడ్డం ఎగరేశాడు. ఆమె ముక్క తీసి ఆడపడుచు నోటికి అందించింది. మైమునా ఆమె కళ్లలోకి చూస్తూనే నమిలి, మింగి, ఇంకేమీ లేదని నోరు తెరిచి చూపించింది.

దాహ్లాన్ తాత గోడవైపు తిరిగి, కత్తిని మళ్లీ గుడ్డలో చుట్టుకుంటున్నాడు.