అడగని మాట

ముతక దుప్పటి అంచులు పరుపు కిందికి మడుస్తూనే ఆయా చిలుకమ్మ కొత్త రోగిని చూసింది. రాజమౌళి. హసన్‌పర్తి వైపు ట్రాలీ ఆటో నడుపుతాడు. కాలి పుండు కడిగించుకుని సాయంత్రానికి వెళ్లిపోవాలి. పక్కన భార్య వినోద.

ఆ దవాఖానాలో చేరిన ప్రతివారినీ నర్సు ఒక ప్రశ్న అడగాలి: చచ్చిపోవాలని అనిపిస్తోందా? తేజస్వి సిస్టర్ మొదట్లో సూటిగానే అడిగేది. "నోట్లె మంచిమాట రాదా బిడ్డా? బతుకుదామని వస్తే!" అని ఒక ముసలామె తిట్టాక మళ్లీ ఎవరినీ అడగలేదు. అప్పటినుంచి చిలుకమ్మే అడిగి పెడుతోంది, తన పద్ధతిలో. రోగి మంచం దగ్గర చావు మాట ఎత్తకూడదన్నది ఆమెకు తెలిసిన మర్యాద; అందుకే మనసులో దిగులుందా అని మాత్రమే అడిగేది.

"రంది ఏమన్న ఉన్నదా, తమ్మీ?"

ఇంకా ఏదో అడుగుతుందన్నట్టు రాజమౌళి ఆమె నోటివంకే చూశాడు.

"ఆయనకేం రంది? తినుడు, పండుడు. రంది నాకు!" వినోద నవ్వింది. తేజస్వి 'లేదు' అని రాసుకుంది.

మధ్యాహ్నం వినోద చాయ్‌కి వెళ్లింది. మంచం కింద తుడుస్తున్న చిలుకమ్మతో అతను మెల్లగా అన్నాడు.

"అక్కా, పోయినసారి వేరే దవాఖాన్ల సీదా అడిగిండ్రు. పిచ్చోని లెక్క చూస్తాండ్రని కోపమొచ్చి లేదన్న. ఇంటికి పోయినంక, చెప్తే అయిపోతుండె గదా అనిపించింది. ఈసారి అడిగితే చెప్దామనుకున్న. నువ్వు రంది అంటివి. రంది ఎవలకు లేదు?"

తుడుపు గుడ్డ ఆగింది. ఆ చావు మాట తను ఎత్తలేక చిలుకమ్మ గుడ్డ వదిలేసి లేచింది.

"జర ఆగు, సిస్టర్ను తోలుకొస్త."

తేజస్వి పై వార్డులో పనిలో ఉంది. సంగతి విని చేతిలో పని వదిలేసి బయల్దేరింది. ఇద్దరూ దిగొచ్చేసరికి మంచం ఖాళీ. వినోద అప్పటికే అతన్ని ఇంటికి బయల్దేరదీసింది.

గేటు దగ్గర వాళ్లు ఆటో ఎక్కి కూర్చున్నారు. చిలుకమ్మ రొప్పుతూ వెళ్లి ఆటో రాడ్డు పట్టుకుంది.

"తమ్మీ, సచ్చిపోవాలనిపిస్తాందా?"

"థూ! గవేం మాటలే ముసల్దానా!" వినోద చెయ్యెత్తింది.

"అనిపిస్తాంది," అన్నాడు రాజమౌళి.

ఎత్తిన చెయ్యి మెల్లగా అతని భుజం మీదికి దిగింది. అతను వెనకే పరుగెత్తుకొచ్చిన తేజస్విని ఆసరా చేసుకుని ఆటో దిగాడు. పెద్ద డాక్టరు గది తలుపు ఆ ముగ్గురి వెనకా మూసుకుంది.

చిలుకమ్మను ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. వార్డులోకి వచ్చి కిటికీ పక్క మంచం మీద కూలబడింది. పోయిన వారం దాకా అక్కడ పద్మలత అనే పిల్ల ఉండేది. చిలుకమ్మ అడిగితే, జడ వేసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఏం రంది లేదక్కా" అని ఇంటికి వెళ్లిపోయింది. కిటికీ గూట్లో ఆమె మరిచిపోయిన కొబ్బరినూనె సీసా, సగం వాడింది, మూత వదులుగా.